కదపాలా, కదపకూడదా: నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో అత్యవసర సూత్రాల చిక్కుముడి

నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో అత్యవసర పరిస్థితుల పాఠం మొదలైన కొద్ది రోజులకే అభ్యర్థి నోటుపుస్తకంలో ఒకదానితో ఒకటి పొసగని సూత్రాలు చేరిపోతాయి. కింద పడిన రోగిని కదపవద్దని ఒక పేజీలో ఉంటే, మంటలు లేచినప్పుడు రోగిని కదపడమే మొదటి పని అని మరో పేజీలో ఉంటుంది. రోగిని ఒంటరిగా విడిచి వెళ్లవద్దంటారు. వెంటనే సిస్టర్‌కు కబురు చేరాలనీ అంటారు. పరిధి దాటి ఏ పనీ చేయవద్దని మొదటి రోజే హెచ్చరించిన అధ్యాపకురాలే, గుండె ఆగిన మనిషి కనిపిస్తే ఎవరి అనుమతి కోసమూ చూడకుండా ఛాతీ మీద ఒత్తడం మొదలుపెట్టాలని చెబుతారు. వీటిని విడివిడిగా బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, రాత్రి డ్యూటీలో వార్డులో ఒక్కరే ఉన్నప్పుడు ఏ సూత్రం ఏ సందర్భానికి చెందుతుందో తేల్చుకోలేక చేతులు ఆగిపోతాయి.

ఈ సూత్రాలన్నిటినీ కలిపే దారం ఒకటుంది. అది కాలం. ఎదురుగా ఉన్న ప్రమాదం ఎంతసేపట్లో ప్రాణం తీస్తుంది, శిక్షణ పొందిన నర్సు లేదా వైద్యుడు ఎంతసేపట్లో రాగలరు అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే దాదాపు ప్రతి సూత్రమూ తన చోట కుదురుకుంటుంది. సాయం వచ్చేలోపే ప్రాణం పోయే పరిస్థితి అయితే పిలుస్తూనే సొంతంగా మొదలుపెట్టాలి. జరగవలసిన హాని జరిగిపోయి, మన చెయ్యి తగిలితే అది పెరిగే పరిస్థితి అయితే పిలిచి, రోగి పక్కనే ఉండి, చెయ్యి ఆపుకోవాలి. ఈ రెంటి మధ్య తేడా తెలియడమే అత్యవసర పాఠంలో సారం. చేతి పనులు ఆ తరువాతి మాట.

మన దగ్గర ఈ ఉద్యోగాన్ని నైపుణ్య శిక్షణ భాషలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటారు. ఆస్పత్రి వార్డుల్లోనూ, ఇళ్లలో మంచాన పడిన వృద్ధుల దగ్గరా పనిచేసేది ఎక్కువగా వీళ్లే. రోగికి స్నానం చేయించడం, బెడ్‌పాన్ అందించడం, పక్క మార్చడం, తినిపించడం, నడిపించడం, స్ట్రెచర్ మీద తీసుకువెళ్లడం వీళ్ల పని. మందు ఇవ్వడం, ఇంజెక్షన్ చేయడం, సెలైన్ వేగాన్ని మార్చడం, ఆక్సిజన్ ప్రవాహాన్ని పెంచడం, తగ్గించడం వీళ్ల పని కాదు. అయితే రోగి ఒంటి మీద ఎక్కువసేపు చెయ్యి ఉండేది అసిస్టెంట్‌దే గనుక, ఏదైనా తేడా వస్తే మొదట కనిపించేదీ వాళ్లకే. అమెరికాలో ఈ సంగతిని చట్టమే గుర్తించింది. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసే నర్సు సహాయకులకు అక్కడి ఫెడరల్ నిబంధనలు కనీసం 75 గంటల శిక్షణ విధించాయి. అందులో 16 గంటలు మొదటి రోగిని తాకకముందే పూర్తికావాలి, ఆ 16 గంటల్లో చెప్పవలసిన అంశాల్లో భద్రత, అత్యవసర విధానాలు, గొంతులో అడ్డం పడినప్పుడు చేసే చికిత్స పేరుపేరునా ఉన్నాయి. మన కోర్సుల్లో కూడా ఈ పాఠాలు ఉన్నాయి, కానీ వార్డు పోస్టింగు ముందు మొదలై పాఠం తరువాత చెప్పే సంస్థలు లేకపోలేదు. అలాంటి చోట చేరినవాళ్లు ఈ ఒక్క భాగాన్నయినా ముందుగా చెప్పమని పట్టుబట్టడం తప్పేమీ కాదు.

కాలం అన్నిటికన్నా తక్కువగా ఉండేది గుండె ఆగినప్పుడు. రక్తప్రసారం నిలిచిన తరువాత సుమారు 4 నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది, సి.పి.ఆర్. (ఛాతీ మీద ఒత్తుతూ, వీలైతే శ్వాస కూడా అందించడం) గానీ విద్యుత్ షాకు గానీ అందకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది. పిలిచినా పలకని రోగిని భుజాలు తట్టి మళ్లీ పిలవాలి. శ్వాస ఉందో లేదో, మెడ దగ్గర నాడి తగులుతుందో లేదో 10 సెకన్లకు మించకుండా చూడాలి. అప్పుడప్పుడూ నోరు తెరుచుకుని గాలి కోసం ఎగపోసినట్టు కనిపించేది శ్వాస కాదు, గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందిలో కనిపించే లక్షణం. శిక్షణలో ఉన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కేకవేసి, బెల్ నొక్కి, వెంటనే ఛాతీ నడుమ ఎముక కింది సగం మీద రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఒత్తాలి. ఒత్తిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, ఎందుకంటే గుండె తిరిగి రక్తంతో నిండేది ఆ లేచే క్షణంలోనే. శ్వాస అందించే సంచీ, మాస్కు వాడటం తెలిసినవారు పక్కన ఉంటే 30 ఒత్తిళ్లకు 2 శ్వాసల చొప్పున సాగుతుంది. లేకపోతే ఒత్తిడి మాత్రమే ఆపకుండా చేయాలి. మెత్తటి పరుపు మీద ఒత్తితే పరుపే దిగుతుంది గనుక వీపు కింద గట్టి పలక తోయాలి. పలక కోసం వెతుకుతూ మాత్రం ఒత్తడం ఆపకూడదు.

ఇక్కడ పరిధి గురించిన భయం అడ్డువస్తుంది. తప్పు చేస్తే పక్కటెముక విరుగుతుందేమో, నన్ను అంటారేమో అని అభ్యర్థి వెనకాడతాడు. ఎముక విరగడం నిజంగానే జరుగుతుంది, సరిగ్గా చేసినవాళ్ల చేతుల్లో కూడా జరుగుతుంది. దానికి చికిత్స ఉంది. ఫలానా రోగికి సి.పి.ఆర్. చేయకూడదన్న నిర్ణయం కేసు షీటులో నమోదై, డ్యూటీ అప్పగింతలో చెప్పి ఉంటే తప్ప, సందేహం ఉన్నప్పుడు మొదలుపెట్టడమే సరైన పని. ఆపమని చెప్పే అధికారం వైద్యుడిది.

గొంతులో అడ్డం పడటం దీని తరువాతిది, అసిస్టెంట్ చేతి పనితో నేరుగా ముడిపడినది కూడా, ఎందుకంటే అది ఎక్కువగా తినిపించేటప్పుడే జరుగుతుంది. మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి నీళ్ల గ్లాసు అందిస్తాం. మామూలు పొలమారడానికి ఆ తట్టడం వల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు. అసలు ఇబ్బంది నీళ్లతోనే: శ్వాసనాళం మూసుకుపోయిన మనిషికి నీళ్లు పోస్తే ఉన్న కొద్దిపాటి దారి కూడా మూసుకుపోవచ్చు. గట్టిగా దగ్గుతున్న రోగిని దగ్గనివ్వాలి, పక్కన నిలబడి ధైర్యం చెప్పాలి, వీపు మీద బాదకూడదు. దగ్గు బలహీనపడి, మాట రాక, చేతులు గొంతు దగ్గరకు వెళ్లి, ముఖం నల్లబడుతుంటే అప్పుడు ముందుకు వంచి భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, ఆ తరువాత వెనుక నుంచి చేతులు చుట్టి బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఉంచి లోపలికి, పైకి 5 ఒత్తిళ్లు, అడ్డం పోయేదాకా మార్చి మార్చి చేయాలి. గర్భిణికీ, చేతులు చుట్టడానికి వీలుకానంత భారీకాయం ఉన్నవారికీ పొట్ట మీద కాకుండా ఛాతీ మీద ఒత్తాలి. ఏడాదిలోపు శిశువుకు పొట్ట మీద ఒత్తడం ఎప్పుడూ చేయరు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద పడుకోబెట్టి వీపు మీద 5 దెబ్బలు, తిప్పి ఛాతీ మీద 5 ఒత్తిళ్లు. రోగి స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సి.పి.ఆర్. మొదలుపెట్టాలి. కంటికి కనిపించని దాన్ని వేలు పెట్టి తడమడం వల్ల అది ఇంకా లోతుకు పోతుంది.

దీనికి నివారణ చికిత్స కన్నా ఎంతో సులువు, అయినా వార్డుల్లో నిర్లక్ష్యానికి గురయ్యేది అదే. పక్షవాతం వచ్చిన మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి వంచి, బాగున్న వైపు నుంచి చిన్న చిన్న ముద్దలు పెట్టి, మింగాడని చూసుకున్నాకే తరువాతి ముద్ద అందించి, తిన్న తరువాత అరగంట పాటు పడుకోనివ్వకుండా ఉంచితే చాలా ప్రమాదాలు తప్పుతాయి. మధ్యాహ్నం భోజనాలవేళ ఒక్క అసిస్టెంట్ నలుగురికి తినిపించవలసి వస్తే ఆ ఓపిక నిలవదు. ఇది తినిపించేవారి గుణదోషాలకు సంబంధించిన విషయం కాదు, సిబ్బంది సంఖ్యకు సంబంధించినది.

ఫిట్స్ వచ్చినప్పుడు కాలం కొంచెం ఎక్కువ ఉంటుంది, అందుకే సూత్రం మారుతుంది. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి గనుక అసిస్టెంట్ పని వాటిని ఆపడం కాదు, రోగికి దెబ్బ తగలకుండా చూడటం. చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసివేయాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, వీలైన వెంటనే పక్కకు తిప్పాలి, మొదలైన సమయం చూసుకోవాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ వేలు గానీ పెట్టకూడదు. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం బంధువులు చేయబోయే మొదటి పని. వాళ్లతో వాదనకు దిగకుండా, గుంపును వెనక్కి జరపమనే పని వాళ్లకే అప్పగిస్తే రెండూ జరుగుతాయి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా అది మందులతో ఆపవలసిన పరిస్థితి. అందుకే గడియారం చూసి చెప్పిన సమయం వైద్యుడికి అంత అవసరం. “చాలాసేపు కొట్టుకున్నాడు” అన్న మాటతో ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేడు.

షుగర్ పడిపోయిన రోగి విషయంలో స్పృహ ఒక్కటే గీత. చెమటలు పట్టి, వణుకుతూ, తికమకగా మాట్లాడుతున్నా మింగగలిగే రోగికి సిస్టర్ చెబితే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి ఇస్తారు. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షిస్తారు. స్పృహ లేని మనిషి నోట్లో చక్కెర గానీ తేనె గానీ వేయడం ఊపిరితిత్తుల్లో పోసినట్టే.

కింద పడిన రోగి దగ్గర తొందరపాటే ప్రమాదం. పడిన మనిషిని చూడగానే చంకల్లో చేతులు వేసి లేపడం మనకు సహజంగా వచ్చే పని, మర్యాద కూడా. కానీ తుంటి ఎముకో మెడ ఎముకో విరిగి ఉంటే, రక్తం పలచబడే మందు వాడుతున్న రోగి తలకు దెబ్బ తగిలి ఉంటే, ఆ లేపడమే రెండో ప్రమాదం. అక్కడే కూర్చుని, మాట్లాడిస్తూ, సిస్టర్‌ను పిలిపించి, ఆమె పరీక్షించి సరేనన్న తరువాతే కదపాలి. నడిపిస్తుండగా రోగి కాళ్లు తేలిపోతే నిలబెట్టడానికి పెనుగులాడితే ఇద్దరూ పడతారు, అసిస్టెంట్ నడుము దెబ్బతింటుంది. రోగిని దగ్గరకు తీసుకుని తన కాలి మీదుగా మెల్లగా నేల మీదికి జారనివ్వాలి. అలా దించినా దాన్ని పడటంగానే నమోదు చేయాలి, చాలామంది చేయరు. మంచం బ్రేకులు, వీల్‌చైర్ బ్రేకులు, నేల మీది తడి, చేతికి అందని కాలింగ్ బెల్, రాత్రి బాత్రూమ్‌కు ఒంటరిగా లేచే వృద్ధులు: పడిపోయే సంఘటనల వెనుక తరచు కనిపించే కారణాలు ఇవే, వీటిలో ఒక్కటి కూడా వైద్య పరిజ్ఞానం కోరేది కాదు.

అగ్నిప్రమాదం వీటన్నిటికీ భిన్నం, ఎందుకంటే అక్కడ ప్రమాదంలో ఉన్నది ఒక్క రోగి కాదు. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఎ.ఎం.ఆర్.ఐ. ఆస్పత్రి భూగర్భ అంతస్తులో మంట పుట్టి దాదాపు 90 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కాలిపోయినవాళ్లు కారు. ఏసీ గొట్టాల గుండా పైఅంతస్తులకు ఎక్కిన పొగకు, అద్దాలు బిగించిన గదుల్లో ఊపిరాడక పోయినవాళ్లు. అగ్నిమాపక దళానికి కబురు ఆలస్యంగా వెళ్లింది. రోగులను బయటికి చేరుస్తూ కేరళకు చెందిన ఇద్దరు నర్సులు ప్రాణాలు కోల్పోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి 10 మంది, 2024 నవంబరు 15 రాత్రి ఝాన్సీ వైద్య కళాశాల నవజాత శిశువుల విభాగంలో మరో 10 మంది పసికందులు ఆ ప్రమాదంలోనే మరణించారు. భవనాల లోపాలు, అనుమతుల లోపాలు అసిస్టెంట్ సరిచేయగలిగేవి కావు. పొగను లెక్కలోకి తీసుకోవడం, కబురు ఆలస్యం చేయకపోవడం, ఈ రెండూ మాత్రం ఆమె చేతిలో ఉన్నవి.

అందుకే అగ్నిప్రమాద శిక్షణలో నాలుగు పనులను ఒక వరుసలో నేర్పుతారు: మంట ఉన్న గదిలోని రోగిని బయటికి తేవడం, అలారం మోగించి కబురు చేయడం, తలుపులు మూసి మంటనూ పొగనూ ఆ గదికే పరిమితం చేయడం, చివరగా వీలైతే ఆర్పడం. మనుషులు సహజంగా చేసేది దీనికి తలకిందులు. ముందు ఆర్పబోతారు, ఆరకపోతే అప్పుడు అరుస్తారు, పారిపోతూ తలుపు తెరిచి వదిలేస్తారు. మూసిన తలుపు పొగను ఎంతసేపు ఆపితే పక్క గదుల్లోని రోగులకు అంత సమయం దొరుకుతుంది, కాబట్టి ఈ నాలుగింట్లో ఏ పరికరమూ అక్కరలేని, ఏ అనుమతీ అక్కరలేని, అందరూ మరిచిపోయే పని తలుపు మూయడమే. ఆర్పే పరికరం చెత్తబుట్టంత మంటకు పనికివస్తుంది, అది కూడా వెనుక బయటికి దారి ఉన్నప్పుడే. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపాలి. కార్బన్ డయాక్సైడ్ పరికరం మూతి చల్లదనానికి చర్మం కాలినట్టవుతుంది గనుక దాన్ని చేత్తో పట్టుకోకూడదు. కరెంటు మంట మీద నీళ్లు పోయకూడదు.

వార్డు మొత్తాన్ని ఖాళీ చేయవలసి వస్తే మెట్ల వైపు పరుగెత్తడం మొదటి అడుగు కాదు. పెద్ద ఆస్పత్రుల్లో అదే అంతస్తులో, పొగ ఆపే తలుపులకు అవతలి భాగానికి రోగులను తరలించడం ముందు జరుగుతుంది. మంచాల మీద ఉన్నవాళ్లను మెట్ల మీదుగా దించడం కష్టం, ప్రమాదం కూడా. లిఫ్ట్ వాడకూడదు. మోయలేని రోగిని దుప్పటితో సహా నేల మీదికి దించి తలవైపు నుంచి లాగితే ఒక్క మనిషి కూడా కదపగలదు. పొగ పైన తేలుతుంది గనుక నేలకు దగ్గరగా లాగడం రోగికి మేలు కూడా.

ఆక్సిజన్ సంగతి విడిగా చెప్పాలి. ఆక్సిజన్ తానుగా మండదు, మండుతున్న దాన్ని ఉధృతం చేస్తుంది. అది నిండిన దుప్పటి, దిండు మామూలు నిప్పురవ్వకే భగ్గుమంటాయి. రోగి దగ్గర అగరుబత్తి, దీపం, బీడీ ఉండకూడదన్నదీ, సిలిండర్ వాల్వుకు నూనె గానీ గ్రీజు గానీ తగలకూడదన్నదీ అందుకే. అయితే మంట కనిపించగానే వార్డు ఆక్సిజన్ వాల్వు కట్టేయడం అసిస్టెంట్ సొంతంగా తీసుకునే నిర్ణయం కాదు. ఆ ఒక్క వాల్వు మీద గోడ అవతల వెంటిలేటర్ మీద ఉన్న మనిషి కూడా ఆధారపడి ఉండవచ్చు. ఇన్‌చార్జి సిస్టర్ చెప్పాలి. వాల్వు ఎక్కడుందో, ఏయే బెడ్లకు వెళుతుందో పోస్టింగు మొదటి రోజే చూసి పెట్టుకోవడం వరకే అసిస్టెంట్ బాధ్యత.

ఏ అత్యవసరంలోనైనా పిలవడం ఎలాగో కూడా నేర్చుకోవలసిన పనే. “సిస్టర్, తొందరగా రండి, పేషెంటుకు ఎలాగో ఉంది” అన్న కేకకు సిస్టర్ ఖాళీ చేతులతో వస్తుంది. “సిస్టర్, 12వ బెడ్, నిన్న ఆపరేషన్ అయినావిడ, పిలిస్తే పలకడం లేదు, ఊపిరి ఆడటం లేదు, నేను ఒత్తడం మొదలుపెట్టాను” అంటే క్రాష్ కార్టుతో, అంటే అత్యవసర మందులు, పరికరాలు ఉండే చక్రాల బండితో వస్తుంది. ఎక్కడ, ఎవరు, ఏం చూశాను, ఏం చేశాను అన్న వరుస నోటికి రావాలి. గుండె ఆగినప్పుడు కోడ్ బ్లూ, మంటలకు కోడ్ రెడ్ అని చాలా ఆస్పత్రుల్లో ప్రకటిస్తారు. గొడవలకూ, బెదిరింపులకూ వాడే రంగు మాత్రం ఆస్పత్రిని బట్టి మారుతుంది, పాత ఆస్పత్రిలో నేర్చుకున్నది కొత్త చోట పనికిరాకపోవచ్చు. ఇంటి దగ్గర పనిచేసే అసిస్టెంట్‌కు కోడూ లేదు, కార్టూ లేదు. అక్కడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108కి చేస్తూనే చేతులు పనిలో ఉంచాలి. అందుకోసం ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు, రోగి వాడే మందుల చీటీ ఫోను పక్కనే గోడకు అంటించి ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఆ సేవకు ఫోను చేసినప్పుడు మొదట అడిగేది చిరునామానే, కంగారులో మరిచిపోయేదీ అదే.

కాలం అన్నిటికన్నా ఎక్కువగా ఉండే అత్యవసరం రోగికి కాదు, అసిస్టెంట్‌కే వస్తుంది. పక్క దులుపుతుండగానో, చెత్త సంచి ఎత్తుతుండగానో ఎవరో వదిలేసిన సూది గుచ్చుకుంటుంది. వాడిన సూదులు తెల్లరంగు, గుచ్చుకోని డబ్బాలోనే వేయాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నా దుప్పటి మడతల్లో అవి దొరుకుతూనే ఉన్నాయి. గుచ్చుకున్న వేలిని పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్.ఐ.వి. రోగి రక్తంతో గుచ్చుకున్నా సోకే అవకాశం వెయ్యింట మూడు, అంటే చాలా తక్కువ. దాన్ని ఇంకా తగ్గించే మందులు వీలైతే 2 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటిపోవడానికి ప్రధాన కారణం మందులు దొరకకపోవడం కాదు. చెబితే తిడతారని, కోర్సులోంచి పంపేస్తారని శిక్షణలో ఉన్నవాళ్లు దాచుకోవడం. హెపటైటిస్ బి సోకే అవకాశం దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, టీకా వేయించుకోనివాళ్లలో 30 శాతం దాకా ఉండవచ్చు. ఆ టీకా మూడు డోసులు పూర్తికావడానికి 6 నెలలు పడుతుంది, కొన్ని కోర్సులేమో అంతకన్నా ముందే ముగుస్తాయి. కాబట్టి మొదటి డోసు ఎప్పుడు, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్న వార్డులో కాదు, చేరే రోజు ఫీజు కట్టే కౌంటరు దగ్గర అడగవలసినది.